‘ఇక నాతో ఎవరికి పని?’: దీర్ఘకాలం సేవ చేసిన ఒక భర్త కేసు

జీవితానికి అర్థం లేదని ఎవరైనా వచ్చి చెబితే, కౌన్సెలింగ్‌లో ఉన్న మనం చాలావరకు ముందుకే చూస్తాం. ఒక లక్ష్యం, ఒక వ్యాపకం, ఎవరికైనా చేసే సాయం, ఇలా ఏదో ఒకటి వెతికి చేతిలో పెడతాం. ఈ కేసులో కొన్ని నెలలు ఆ దారిలోనే నడిచాం. చెప్పినవన్నీ ఆయన శ్రద్ధగా చేశారు. పరిస్థితి మాత్రం ఉన్నచోటే ఉంది. రాబోయే రోజుల సంగతి పక్కన పెట్టి గడిచిపోయిన ఏళ్లను ముందు వేసుకున్నాకే మార్పు మొదలైంది. అలా ఎందుకు జరిగిందో తోటి కౌన్సెలర్లతో పంచుకోవాలని ఇది రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. ఈ వ్యాసాన్ని ఆయన చదివి, ఒకచోట దిద్ది, అనుమతి ఇచ్చారు.

నేపథ్యం

ఆయనకు అరవై దగ్గర పడుతున్నాయి. యంత్రాల నిర్వహణ విభాగంలో పనిచేసేవారు. భార్యకు నరాల జబ్బు వచ్చింది. మెల్లగా ముదురుతూ నడకను, మాటను, చివరికి మింగే శక్తిని కూడా తీసుకుపోయే రకం. మొదట్లో ఉద్యోగాన్నీ ఇంటినీ రెండింటినీ లాక్కొచ్చారు, తరువాత ఉద్యోగం మానేశారు. మొత్తం 11 ఏళ్లు. చివరి నాలుగేళ్లు ఆవిడ మంచం దిగలేదు. పొట్టలోకి వేసిన గొట్టంతో ఆహారం ఎక్కించడం, రెండు గంటలకోసారి పక్క మార్చడం, గొంతులో చేరిన కఫాన్ని మెషీన్‌తో లాగడం, వేళకు మందులు వేయడం ఆయన దినచర్య. ఒక్కతే కూతురు, వేరే ఊళ్లో ఉంటుంది. తండ్రంటే ప్రాణం.

భార్య పోయిన తొమ్మిది నెలలకు, కూతురి బలవంతం మీద ఆయన నా దగ్గరికి వచ్చారు.

తెచ్చుకున్న సమస్య

నిద్ర గురించి వచ్చానన్నారు. రాత్రి రెండు గంటలకోసారి మెలకువ వస్తోందట, అదొక్కటి పోతే చాలన్నారు.

“మెలకువ వచ్చాక ఏం చేస్తారండీ?” అని అడిగాను.

“లేచి కూర్చుంటాను. చేయాల్సిన పనేమీ లేదని గుర్తొస్తుంది. మళ్లీ పడుకుంటాను.”

“అది గుర్తొచ్చినప్పుడు ఎలా ఉంటుంది?”

“ఇక నాతో ఎవరికి పని అనిపిస్తుంది మేడమ్.”

ఈ మాట విన్నాక నిద్ర సంగతి ఆగవచ్చు, ముందు ప్రాణం సంగతి చూడాలి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగాను. ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందేమో అన్న భయం కుటుంబాలకు ఉంటుంది. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. చాలామందికి అడగడమే ఊపిరి పీల్చుకునే అవకాశం. “చనిపోవాలని లేదు. పొద్దున లేవకపోయినా ఫర్వాలేదు అనిపిస్తుంది, అంతే” అన్నారు. పథకమేమీ లేదు. అయినా ఇంకో ప్రశ్న మిగిలింది: భార్య మందులు ఇంట్లో ఇంకా ఉన్నాయా? ఉన్నాయి. నొప్పి మందులు, నిద్ర మందులు ఒక డబ్బా నిండా. సంరక్షకుల విషయంలో ఈ ప్రశ్న మరిచిపోకూడదు. మంచం ఖాళీ అయినా మందుల అర ఖాళీ కాదు. ఆ వారంలోనే కూతురు వచ్చి వాటిని ఆసుపత్రి ఫార్మసీకి అప్పగించింది. రాత్రివేళ ఎవరికి ఫోన్ చేయాలో, నన్ను ఎప్పుడు సంప్రదించాలో ఒక కాగితం మీద రాసుకున్నాం.

ఇది ఏమిటి, ఏది కాదు?

ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపే ఆగాను. ఎందుకంటే పేరు తప్పితే చికిత్స దారి కూడా తప్పుతుంది.

మొదటి అనుమానం డిప్రెషన్. వైద్యుడి చేత థైరాయిడ్, బీ12 పరీక్షలు చేయించాం. వాటిలో లోపం లేదు. డిప్రెషన్ తీవ్రతను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో స్కోరు 10కి లోపే వచ్చింది. ఆ ప్రశ్నావళిలో గరిష్ఠం 27, మధ్యస్థ స్థాయి డిప్రెషన్ 10 దగ్గర మొదలవుతుందని లెక్క. అంకె ఒక్కటే చాలదు కాబట్టి ఆయన రోజు ఎలా గడుస్తోందో వివరంగా అడిగాను. కూతురు ఫోన్ చేస్తే నవ్వుతారు. పాత స్నేహితుడు వస్తే చదరంగం ఆడతారు, ఆట బాగుంటుంది కూడా. ఆకలి ఉంది. లేనిది ఒక్కటే, రేపటి కోసం ఎదురుచూపు.

డిప్రెషన్‌లో సాధారణంగా చేతిలో ఉన్న ఆనందం కూడా రుచించదు. ఆయనకు ఆ క్షణం రుచిస్తోంది, తరువాతి క్షణం మీదే ఆశ లేదు. ఈ తేడాను దీర్ఘవ్యాధిగ్రస్తులతో పనిచేసిన సైకియాట్రిస్టులు డేవిడ్ క్లార్క్, డేవిడ్ కిస్సేన్ స్పష్టంగా వివరించారు. ఆ స్థితిని వాళ్లు ‘డీమోరలైజేషన్’ అన్నారు. నిస్సహాయత, దారి కనిపించకపోవడం, తన ఉనికికి పనిలేదన్న భావన దాని గుర్తులు. మందు ఇప్పుడే అవసరం లేదు, గమనిద్దాం అని మా సైకియాట్రిస్ట్ కూడా అన్నారు.

రెండో అనుమానం, దీర్ఘకాలిక దుఃఖ రుగ్మత. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11 ప్రకారం ఆరు నెలలు దాటితే ఆలోచించాలి, అమెరికా సైకియాట్రిస్టుల సంఘం మానసిక రుగ్మతల గ్రంథం డీఎస్ఎం-5 సవరించిన ప్రతి ప్రకారం పెద్దవాళ్లలో ఏడాది దాటాలి. కాలం సంగతి ఎలా ఉన్నా, దాని గుండెకాయ అయిన తీవ్రమైన తపన, పోయిన మనిషి మీదే అంటుకుపోయిన ధ్యాస ఈయనలో లేవు. భార్య ఫోటో చూడగలరు, ఆవిడ గురించి మాట్లాడగలరు. ఒక్క విషయం మాత్రం నన్ను తొలిచింది. ఆవిడ గురించి మాట్లాడతారు కానీ, తాను చేసిన సేవ గురించి అడిగితే రెండు ముక్కల్లో ముగిస్తారు. అప్పటికి దాని అర్థం నాకు తెలియదు, రాసి పెట్టుకున్నాను.

అర్థం సంగతి కొలవడానికి మనస్తత్వ శాస్త్రవేత్త మైఖేల్ స్టెగర్ బృందం 2006లో ప్రచురించిన 10 ప్రశ్నల పత్రం వాడాను. అందులో అయిదు ప్రశ్నలు ‘నా జీవితానికి అర్థం ఉంది’ అన్న భావనను, అయిదు ‘నేను వెతుకుతున్నాను’ అన్న స్థితిని కొలుస్తాయి. ఆయనకు మొదటిది బాగా తక్కువ, రెండోది బాగా ఎక్కువ. అంటే వదిలేసిన మనిషి కాదు. వెతుకుతూ అలిసిపోయిన మనిషి.

ముందు ప్రయత్నించినవి

నిద్రకు మామూలు పద్ధతులే: పడుకునే వేళను కుదించడం, మెలకువ వస్తే మంచం దిగి వేరే గదిలో కూర్చోవడం. కొంత మేలు చేశాయి.

అసలు సమస్యకు మొదట ఎంచుకున్నది కార్యక్రమాల పట్టిక. రోజుకు కొన్ని పనులు ముందే రాసుకోవడం, చేశాక ఆనందం ఎంత, సాధించిన భావన ఎంత అని పదికి మార్కులు వేసుకోవడం. నీరసంగా ఉన్న మనిషిని మనసు బాగుపడేదాకా ఆగకుండా పనిలోకి దించితే మనసు వెనకే వస్తుందన్నది దీని వెనుక ఉన్న తర్కం, దీనికి బలమైన ఆధారాలున్నాయి. ప్రమాదం తక్కువ, త్వరగా ఫలితం తెలుస్తుంది. అందుకే ముందు దాన్ని పట్టుకున్నాను.

యంత్రాల మనిషి కదా, పట్టిక అచ్చు గుద్దినట్టు నింపుకొచ్చారు. నడక 6, చదరంగం 7, మొక్కలు 6. మార్కులు మంచివే. కానీ వారాలు గడిచినా స్టెగర్ పత్రంలోని ‘అర్థం ఉంది’ ప్రశ్నల స్కోరు కదల్లేదు. “బాగానే ఉంటుందండీ. అయిపోయాక ‘అయితే ఏంటి’ అనిపిస్తుంది” అన్నారు. ఆ ‘అయితే ఏంటి’ మీద నేను చాలా ఆలోచించాను. ఆనందానికీ అర్థానికీ ఉన్న దూరం ఆ పట్టికలోనే కనిపిస్తోంది. ఏడు మార్కుల చదరంగం ఉన్న రోజు కూడా ఎందుకూ కొరగాని రోజుగా మిగిలిపోగలదు.

తరువాతి అడుగు విలువల జాబితా. తనకు ఏవి ముఖ్యమో వరుసలో పెట్టమంటే ‘ఇతరులకు ఉపయోగపడటం’ పైన పెట్టారు. దాని ప్రకారం ఒక వృద్ధాశ్రమంలో వారానికి రెండు రోజులు పత్రిక చదివి వినిపించే పని ఒప్పుకున్నారు. జీవితానికి అర్థం వెతకడమే ఆధారంగా చికిత్స పద్ధతిని రూపొందించిన సైకియాట్రిస్ట్ విక్టర్ ఫ్రాంకల్ చెప్పిన మూడు దారుల్లో మొదటిది ఇదే: మనం లోకానికి ఇచ్చే పని ద్వారా అర్థం దొరకడం. కాగితం మీద అంతా సరిపోయింది.

కొన్నాళ్లకు మానేశారు. ఎందుకని అడిగితే ఆయన చెప్పింది యథాతథంగా రాసుకున్నాను: “ఒక వారం వెళ్లలేదు. ఎవరూ అడగలేదు. వాళ్ల తప్పు కాదు మేడమ్, వేరే ఆయన వచ్చి చదివేశాడు. నేను చదివినా అదే, ఆయన చదివినా అదే.”

ఈ జవాబుతో నా ఆలోచన మలుపు తిరిగింది. అర్థం అన్నది మూడు పోగులు కలిసిన తాడు లాంటిదని ఇప్పటి మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలామంది ఒప్పుకుంటారు. జరిగినదంతా ఒక కథగా అతకడం ఒకటి. ముందుకు నడిపించే లక్ష్యం రెండోది. నా బతుకుకు విలువ ఉంది, నేనున్నందుకు ఏదో తేడా పడింది అన్న నమ్మకం మూడోది. నేను ఇస్తూ వచ్చింది లక్ష్యాన్ని. ఆయనలో తెగింది మూడోది. ఆ మూడోది తెగి ఉండగా ఎన్ని లక్ష్యాలు ఇచ్చినా ‘ఎవరైనా చేస్తారు’ అన్న మాట దగ్గరే ఆగిపోతాయి.

అయితే ఒక చిక్కుంది. 11 ఏళ్లు ఒక మనిషి ప్రాణం తన చేతుల్లో ఉంచుకున్న వ్యక్తి, ‘నేనున్నందుకు తేడా పడింది’ అని ఎందుకు అనుకోలేకపోతున్నారు? ఆ నమ్మకానికి కావలసిన సరుకు ఆయన దగ్గర ఉన్నంతగా ఎవరి దగ్గరుంటుంది?

ముడి ఎక్కడ పడింది

అదే అడిగాను. “ఆ 11 ఏళ్లు ఏమైనట్టండీ?”

“అవి లెక్కలోకి రావు.”

ఆ రోజు అంతకుమించి చెప్పలేదు. తరువాతి సెషన్‌లో తనంతట తానే మొదలుపెట్టారు. ఆవిడ పోవడానికి కొన్ని వారాల ముందు ఒక రాత్రి జ్వరం, కఫం, ఊపిరి ఆడని అవస్థ. ఎన్నిసార్లు లాగినా గొంతు మళ్లీ నిండిపోతోంది. గుమ్మం దగ్గర నిలబడి ‘ఈ రాత్రితో అయిపోతే బాగుండు’ అనుకున్నారు. ఆవిడ కోసం అనుకున్నారా, తన కోసం అనుకున్నారా అన్నది ఆయనకే తెలియదు. “నేను కోరుకున్నదే జరిగింది. అలా కోరుకున్నవాడు చేసిన సేవకు అర్థమేముంటుంది?”

నోటి చివరిదాకా వచ్చిన ఓదార్పు ఒకటుంది: “ఇది చాలామంది సంరక్షకులకు వచ్చే ఆలోచనే.” అది నిజం కూడా. కానీ ఆ క్షణంలో అనలేదు. ఆయన నొప్పే ‘ఎవరైనా ఒకటే’ అన్నది. ఆయన్ని మళ్లీ ‘అందరిలో ఒకరు’గా చేసే మాట ఎంత నిజమైనా అప్పుడు పనికిరాదు. పైగా నేను ఇచ్చే తీర్పు ఎంతవరకు నిలుస్తుంది? ఆ గదిలో నేను లేను. ఆయన నమ్మాలంటే ఆ గదిలోంచే సాక్ష్యం రావాలి.

ఏది పనిచేసింది

సాక్ష్యం ఉందని నాకు తెలిసింది అనుకోకుండా. తేదీలు అంత కచ్చితంగా ఎలా చెబుతున్నారని అడిగితే, “రాసిపెట్టాను కదండీ. మెషీన్లకు లాగ్‌బుక్ రాసే అలవాటు” అన్నారు. ఏళ్ల తరబడి నోటు పుస్తకాలు. ఉష్ణోగ్రత, మూత్రం, ఆహారం, పక్క మార్చిన వేళ, పక్కన చిన్న వ్యాఖ్య.

వాటిని తెరవాలా వద్దా అన్నది తేలిక నిర్ణయం కాదు. పాత పుటలు తిరగేయడం స్వీయనిందకు కొత్త ఇంధనం కావచ్చు. అటువైపు, ఆయనకు ఆ రాత్రి కళ్ల ముందు మళ్లీ మళ్లీ జరుగుతున్నట్టు కనిపించడం లేదు, దాని గురించి మాట్లాడితే చెదిరిపోవడం లేదు. కొన్ని షరతులతో మొదలుపెట్టాం. ఏ పుట తెరవాలో ఆయనే ఎంచుకుంటారు. చివరి వారాల జోలికి ముందే పోము, మధ్య ఏళ్ల నుంచి మొదలుపెడతాం. చదివిన కలత మర్నాటికి తగ్గకపోతే ఆపేస్తాం.

మొదట చదివిన వాటిలో ఒకటి: ‘నీళ్లు తాగితే దగ్గు. చిక్కటి ద్రవానికి దగ్గు లేదు. మూడు రోజులుగా ఇంతే.’ ఆ రాత ఆధారంగానే వైద్యులు మింగే శక్తిని పరీక్షించారు. ఆహారం, నీరు ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. దాన్ని ముందే పసిగట్టింది ఈ దగ్గు లెక్కే. ఇంకో పుటలో: ‘వెన్ను చివర ఎర్రమచ్చ. వేలితో నొక్కినా తెల్లబడటం లేదు. ఇక గంటన్నరకోసారి పక్క మార్చాలి.’ నొక్కినా తెల్లబడని ఎరుపు, ఒత్తిడి పుండుకు మొదటి హెచ్చరిక. అది చర్మం చీలకముందే ఆయన చూశారు. నాలుగేళ్లు మంచం మీద ఉన్న మనిషికి లోతైన పుండు ఒక్కటి కూడా పడలేదు.

“ఎవరైనా చేస్తారు మేడమ్” అన్నారు.

“ఎవరైనా అంటే ఎవరండీ? ఆ రోజు ఆ గదిలో ఇంకెవరున్నారు?”

చాలాసేపు పుస్తకంలోకే చూస్తూ ఉండిపోయారు. జవాబు నేను అడగలేదు.

కొన్ని సెషన్ల తరువాత ఆ రాత్రి పుటను ఆయనే తెచ్చారు. తన కోరిక అందులో రాయలేదు. వేళలు మాత్రం ఉన్నాయి: 11.30కి కఫం, 12.10కి కఫం, 1.00కి జ్వరం, 2.00కి పక్క, 3.20కి కఫం, 4.00కి పక్క. పైకి చదివారు. ఆ ఆలోచన ఎప్పుడు వచ్చిందని అడిగాను. ఒంటిగంటకు జ్వరం చూశాక అన్నారు. మళ్లీ చదివారు. “అనుకున్నాక కూడా మూడుసార్లు లేచాను” అన్నారు.

ఆ వాక్యం నేను చెప్పి ఉంటే ఓదార్పు అయ్యేది. ఆయన చేతిరాతలోంచి ఆయనకే దొరికింది కాబట్టి నిజమైంది. ఇక్కడ కూడా జాగ్రత్త పడ్డాను, ఆ కోరికను చెరిపేసే ప్రయత్నం చేయలేదు. కోరిక ఉంది, లేచిన చేతులూ ఉన్నాయి, రెండూ ఒకే రాత్రివి, ఒకే మనిషివి. సేవ చేసినవాడు అలిసిపోకూడదన్న షరతును ఆయన తన మీద పెట్టుకున్నారు, ఆ షరతు గురించే తరువాత ఎక్కువ మాట్లాడుకున్నాం. అప్పుడు ‘ఇది చాలామందికి వచ్చే ఆలోచన’ అని కూడా చెప్పాను. ఈసారి ఆ మాట భారం దించింది. జరిగిపోయినది పోయినట్టు కాదు, ఎవరూ తీసుకుపోలేని నిల్వగా ఉంటుందన్న ఫ్రాంకల్ ఆలోచనను నేను ఆయనకు ఉపదేశంగా చెప్పలేదు. ఆ పుస్తకాల దొంతర బల్ల మీద ఉండగా చెప్పాల్సిన అవసరం రాలేదు.

దాని తరువాతే ముందుకు చూడటం మొదలైంది, అదీ ఆయన నోటి నుంచే. “మంచం పట్టిన మనిషిని ఇంటికి పంపేటప్పుడు ఈ ఎర్రమచ్చ సంగతి ఇంట్లోవాళ్లకు ఎవరు చెబుతారండీ?” ఒక ఆసుపత్రి నర్సింగ్ విభాగంతో మాట్లాడాం. డిశ్చార్జి అయ్యే రోగుల కుటుంబాలకు పక్క మార్చడం, గొట్టంతో ఆహారం ఎక్కించేటప్పుడూ ఆ తరువాత కనీసం అరగంటా తల వైపు ఎత్తుగా ఉంచడం, ఏ గుర్తు కనబడితే ఫోన్ చేయాలి, ఇవన్నీ నర్సు పక్కన ఉండగా చూపించే పని.

హద్దులు గట్టిగా పెట్టాం. ఏ ఇంటికీ వెళ్లకూడదు, ఏ ఒక్క రోగి భారమూ మీద వేసుకోకూడదు, వారంలో నిర్ణయించిన రోజులే. భార్య వదిలి వెళ్లిన కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టి, మళ్లీ రెండు గంటల గడియారంలోకి వెళ్లిపోతారేమోనన్నది నా భయం. ఆ భయం ఆయనతోనే చెప్పాను. “మీరు చెప్పకపోతే నిజంగానే అలా చేసేవాణ్ణి” అన్నారు.

ఒకసారి జ్వరం వచ్చి వెళ్లలేదు. నర్సు ఫోన్ చేసింది: మీరు వచ్చాకే నేర్చుకుంటామని ఒక కుటుంబం ఆగిందట. వృద్ధాశ్రమంలోనూ ఇక్కడా చేసింది సేవే. కానీ ఇక్కడ ఇచ్చేది ఆయన మాత్రమే ఇవ్వగలిగింది, లేకపోతే లోటు తెలిసేది. ఇతరుల దృష్టిలో మనం ఉన్నాం, వాళ్లకు మనతో పని ఉంది అన్న ఈ భావనను పరిశోధకులు మోరిస్ రోజెన్‌బర్గ్, క్లెయిర్ మెకల్లో కలిసి 1981లోనే ఒక ప్రత్యేక భావనగా గుర్తించి చర్చించారు. ‘ఇక నాతో ఎవరికి పని’ అని ఆయన మొదటి రోజు అన్న మాట దీన్నే అడుగుతోంది.

చికిత్స ముగిసేసరికి నిద్రలో ఒక్కసారే మెలకువ వస్తోంది. పొద్దున లేవకపోయినా ఫర్వాలేదన్న మాట వినపడటం ఆగింది. ‘అర్థం ఉంది’ స్కోరు మధ్యస్థానికి వచ్చింది, ‘వెతుకుతున్నాను’ స్కోరు మాత్రం ఎక్కువగానే ఉంది. దాన్ని తగ్గించాలని నేను ప్రయత్నించలేదు. వెతకడం జబ్బు కాదు. తేలని విషయం ఒకటుంది: ఆ రాత్రి పుటను కూతురికి చూపించాలా? ఆయన ఇంకా నిర్ణయించుకోలేదు, నేను తొందరపెట్టలేదు.

తోటి కౌన్సెలర్లకు

‘అర్థం లేదు’ అన్న మాట వినగానే మూడింటిలో ఏది తెగిందో అడిగి తెలుసుకోండి. ‘జరిగింది అర్థం కావడం లేదు’ అనేవారికీ, ‘ఏం చేయాలో తెలియడం లేదు’ అనేవారికీ, ‘నేనున్నా లేకున్నా ఒకటే’ అనేవారికీ ఒకే మందు కుదరదు. మూడోవారికి మనం చాలాసార్లు రెండోవారి మందు ఇస్తున్నామని నా అనుమానం.

కార్యక్రమాల పట్టిక ఫలించకపోయినా పారేయకండి. మార్కులు బాగుండి మనిషి మారకపోతే అదొక రోగనిర్ధారణ. సేవ చేసినవారు తమ సేవ గురించి మాత్రమే క్లుప్తంగా మాట్లాడుతుంటే అక్కడ ఏదో కట్టివేసి ఉందని భావించండి. దానికి తగినంత నమ్మకం ఏర్పడేవరకు ఆగండి.

నోటు పుస్తకాలు రాసేవారు అరుదు, నిజమే. ఆ తరువాత ఇలాంటి కేసుల్లో డిశ్చార్జి కాగితాలు, మందుల బిల్లులు, బంధువులకు పంపిన ఫోన్ సందేశాలు తెమ్మని అడిగాను. ఏవీ లేనప్పుడు, అదే ఇంట్లో తిరిగిన ఇంకొకరిని ఒక సెషన్‌కు పిలవమన్నాను. మొదలుపెట్టేటప్పుడు చివరి రోజు గురించి అడగను. ఏ విశేషమూ లేని ఒక మామూలు మంగళవారం పొద్దున్నుంచి రాత్రిదాకా ఎలా గడిచేదో గంటగంటకూ చెప్పమంటాను. ఆ మనిషి తీసుకున్న నిర్ణయాలు అక్కడే దొరుకుతాయి.